పట్టపరీక్షలలో మతశాస్త్రం

మన నగరంలో హైకోర్టు ఎదుటి వీధిని నిత్యం నడిచేవారిలో, ఒకప్పుడు మదరాసు క్రిస్టియన్ కాలేజి అక్కడ ఉండేదని ఎరిగినవారు నేడు బహు కొద్దిమంది. 1937లో అది తాంబరానికి తరలిపోయింది. అంతకు మూడు దశాబ్దాల పూర్వం, తిరుత్తణిలో ఒక తెలుగు కుటుంబంలో 1888లో పుట్టిన విద్యార్థి ఒకడు వేలూరు వూర్హీస్ కాలేజిలో చదివి, పై చదువుకు అక్కడికి వచ్చాడు. పట్టపరీక్ష ముగించిన బంధువొకరు తన తత్త్వశాస్త్ర పుస్తకాలను ఆయనకు ఇచ్చాడట. కొత్త పుస్తకాలు కొనే స్తోమత లేని ఆ కుర్రవాడు ఆ శాస్త్రాన్నే తీసుకొన్నాడు. సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు తత్త్వవేత్త అయినది ఈ విధంగా. పుస్తకాలు ఉచితంగా దొరికినవారందరూ తత్త్వవేత్తలు కారనుకోండి, అది వేరు సంగతి!

ఆనాడు మిషనరీ కాలేజీలలో బైబిలు పాఠం దినచర్యలో భాగం. వేదాంతం జగత్తును మిథ్య అంటుంది, ఇక మంచిచెడ్డలకు తావెక్కడ, హిందూమతంలో నీతిశాస్త్రం లేదు అన్న విమర్శ తరగతిలో వినిపించేది. ఆ మాటలు తన విశ్వాసాన్ని కలవరపెట్టాయనీ, తన మతంలో ఏది సజీవమో ఏది నిర్జీవమో పరిశీలించడానికి పురికొల్పాయనీ రాధాకృష్ణన్‌గారు తరువాత స్వయంగా చెప్పుకొన్నారు. అయితే ఆ పరిశీలనకు విశ్వవిద్యాలయంలో చోటేది? బైబిలు పాఠం కాలేజిలో ఉన్నది గాని పట్టపరీక్షలో లేదు. వేదాంతాన్ని మతంగా చదివి పట్టం పొందే మార్గం అంతకంటె లేదు.

దీనికి కారణం 1854 నాటి విద్యాపత్రంలో ఉన్నది. కలకత్తా, బొంబాయి, మదరాసు నగరాలలో విశ్వవిద్యాలయాలు స్థాపించవలెనని చెప్పిన ఆ పత్రమే, పట్టపరీక్షలలో మతవిశ్వాసానికి సంబంధించిన విషయాలేవీ ఉండరాదని నిర్ణయించింది. 1857లో మూడూ వెలశాయి. వాటికి నమూనా లండన్ విశ్వవిద్యాలయం. ఆ కాలపు ఆక్స్‌ఫర్డులో చేరడానికే ఇంగ్లండు చర్చి సూత్రాలకు సంతకం పెట్టవలసి ఉండేది. ఆ చర్చికి చెందనివారికి చదువు తలుపులు తెరవడానికి పుట్టినది లండన్ విద్యాసంస్థ. కలహం రాకుండా మతశాస్త్రాన్నే మొదట్లో పక్కకు పెట్టింది. అక్కడి ఇంటిపోరుకు కనుగొన్న మందును ఇక్కడ మనకూ పోశారు. తప్పని అనలేము. ప్రభుత్వమే పరీక్షలో మతాన్ని చేర్చి ఉంటే, ఏ మతం చేరేదో ఊహించడం కష్టం కాదు.

దేశంలో ఒక్కచోట మాత్రం వేరే దారి ఉన్నది. బెంగాలులో డేనులు పాలించిన శ్రీరాంపురంలో కేరీ, మార్ష్‌మన్, వార్డు అనే మిషనరీలు 1818లో కాలేజి పెట్టారు. తెలుగు వ్యాకరణాన్ని 1814లో అచ్చువేసిన కేరీగారే ఈ కేరీ. 1827లో డెన్మార్కు రాజు ఆ కాలేజికి పట్టాలిచ్చే అధికారపత్రం ప్రసాదించాడు. 1845లో డేనులు తరంగంబాడితోపాటు శ్రీరాంపురాన్నీ ఆంగ్లేయులకు అమ్మివేసినా, ఆ హక్కు చెడలేదు. అయినా దైవశాస్త్ర పట్టాలు మొదటిసారి ఇచ్చినది 1915లోనే. 1964లో రాజమండ్రిలో ఏర్పడి తరువాత హైదరాబాదుకు మారిన ఆంధ్ర క్రైస్తవ దైవశాస్త్ర కళాశాల నేటికీ ఈ శ్రీరాంపురం పట్టాలకే విద్యార్థులను తయారుచేస్తున్నది. కాని అది ముఖ్యంగా బోధకులు కాదలచినవారి చదువు. కాశీ, అలీగఢ్ విశ్వవిద్యాలయాలు మతశాస్త్ర శాఖలు పెట్టినా, వాటిలో ప్రధానంగా స్వమతాధ్యయనమే.

కాబట్టి మన తిరుత్తణి విద్యార్థి తత్త్వశాస్త్రం పేరుతోనే మతానికి జవాబు వ్రాయవలసి వచ్చింది. 1908లో ఎం.ఏ. పట్టానికై వేదాంతంలోని నీతిశాస్త్రం గురించి గ్రంథం సమర్పించాడు. అప్పటికి ఆయనకు ఇరవై ఏండ్లు. దానిని చదివిన గురువు ఏ.జి. హాగ్ స్కాట్లండు మిషనరీ. విమర్శించిన పక్షంవాడే శిష్యుని ప్రతిభను మెచ్చి యోగ్యతాపత్రం ఇచ్చాడు. హాగ్‌గారు కర్మసిద్ధాంతాన్ని శ్రద్ధగా పరిశీలించి స్వయంగా పుస్తకం వ్రాసినవారు. మిషనరీలందరినీ ఒకే గాట కట్టేవారు ఈ సంగతి గమనించవలెను.

తరువాతి కథ అందరికీ తెలిసినదే. 1936లో ఆక్స్‌ఫర్డు ఆయనను ప్రాచ్యమతాలకూ నీతిశాస్త్రానికీ కొత్తగా ఏర్పడిన ఆచార్యపీఠానికి పిలిచింది. ఆ విశ్వవిద్యాలయంలో దైవశాస్త్రం ప్రత్యేక పట్టవిషయంగా వచ్చినది 1870 ప్రాంతంలో. అందులో ప్రధానమైనవి బైబిలు, చర్చి చరిత్ర. నేడు అక్కడి పట్టం పేరు ‘దైవశాస్త్రమూ మతమూ’. ఇతర మతాలను కూడ ఎన్నుకొని చదువుకోవచ్చును. ఆ రెండవ మాట చేరడానికి ఎంత కాలం పట్టిందో చూడండి.

స్వదేశానికి వచ్చి 1948-49లో విశ్వవిద్యాలయ విద్యా సంఘానికి అధ్యక్షత వహించినప్పుడు ఆయన పాత చిక్కును మళ్ళీ చేపట్టారు. పట్టతరగతుల మొదటి ఏడు మతప్రవక్తల జీవితాలు, రెండవ ఏడు వివిధ మతగ్రంథాల నుండి ఏరిన భాగాలు, మూడవ ఏడు మతతత్త్వ సమస్యలు చదివించవలెనని ఆ సంఘం సూచించింది. పూర్తిగా ప్రభుత్వ ధనంతో నడిచే విద్యాలయంలో మతబోధ కూడదని 1950 నాటి రాజ్యాంగం 28వ అధికరణం శాసించింది. బోధ వేరు, అధ్యయనం వేరు అని ఎవరు చెప్పాలి? 1964-66 నాటి కొఠారీ సంఘం ఆ భేదాన్ని స్పష్టంగా చెప్పింది. 2002లో సుప్రీంకోర్టు కూడ మతాలను గురించి చదవడాన్ని ఆ అధికరణం నిషేధించదని తీర్పు ఇచ్చింది. రాధాకృష్ణన్‌గారు 1975లోనే గతించారు.

మదరాసు విశ్వవిద్యాలయంలో నేడు వైష్ణవానికి, శైవసిద్ధాంతానికి, జైనానికి, క్రైస్తవానికి వేరువేరు శాఖలున్నవి. అవి ముఖ్యంగా పై చదువులవారికి. హైస్కూలు దాటిన మన ఇంటి పిల్లవాడు బి.ఏ.లో మతాల చరిత్ర చదువుతానని పట్టుబడితే, చాలాచోట్ల గుమాస్తా వానికి చూపించేది నేటికీ తత్త్వశాస్త్రం గదినే.