శిలాశాసనము చదివించు గురువు

కనిగిరి యనగానే కొండమీది దుర్గమును, దాని నేలిన రాజులును తలపునకు వచ్చుట సహజము. ఆ సీమ రైతు ఎట్లు బ్రదికెను, ఏ పన్ను చెల్లించెను, చెరువు నెవరు త్రవ్వించిరి అను ప్రశ్నలు మాత్రము బడిలో వినబడుట అరుదు.

1905లో బటర్‌వర్తు, వేణుగోపాలశెట్టి గారలు నెల్లూరు జిల్లా శాసనములను మూడు సంపుటములుగా ప్రకటించిరి. 1970 వరకు కనిగిరి ఆ జిల్లాలోనిదే గనుక, నాటి కనిగిరి తాలూకా శాసనములును అందు చేరినవి. దానశాసనములలో సాధారణముగా మొదట రాజు బిరుదులుండును; పిదప దానమిచ్చిన భూమి, దాని యెల్లలు, విడిచిపెట్టిన పన్నులు. పరీక్షకు బిరుదులు చాలును. ప్రజల చరిత్రకు తక్కినదంతయు కావలెను.

ఈ దృష్టికి గౌరవము దక్కకపోలేదు. సురవరం ప్రతాపరెడ్డిగారి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'కు 1955లో కేంద్ర సాహిత్య అకాడమి బహుమానము లభించినది. తెలుగునకు అదియే తొలి బహుమానము. ఆయన 1953లోనే స్వర్గస్థులైరి. 1958 నుండి ఉపాధ్యాయులకును జాతీయ పురస్కారము లేర్పడినవి.

గ్రంథము చేతికందును, దానిని గుర్తించుట సులభము. మంచి బోధనకు కొలత యేది? ఉత్తీర్ణుల సంఖ్య కాదని మా మనవి. పాఠము ముగిసిన పిమ్మట విద్యార్థి తన యూరి గుడిముందటి రాతికడ నిలిచి, “ఈ మాన్యమును దున్నినవా రెవరు?” అని యడిగినచో, వాని గురువు మాననీయుడు. పురస్కారమిచ్చు పెద్దలు ఆ ప్రశ్న వినుటకు ఒక్కమా రా యూరిదాక రావలెను.