పడవ మోటారు - నూనె చిక్కు

నార్వేలో జన్మించి అమెరికాలో స్థిరపడిన ఓలే ఎవిన్‌రూడ్, 1909లో మిల్వాకీ నగరమున పడవ వెనుక తగిలించు మోటారును అమ్మకమునకు పెట్టెను. దాని బలము ఒకటిన్నర అశ్వశక్తి, బరువు 62 పౌనులు. అంత తేలికయగుటకు కారణము టూ-స్ట్రోకు ఏర్పాటే.

ఇందు క్రాంకు పెట్టెయే గాలిని, పెట్రోలును పీల్చు పంపు. కనుక నూనెను అందు నిలువచేయ వీలులేదు; పెట్రోలులోనే కలుపవలసివచ్చెను. చిక్కంతయు ఇక్కడనే. కార్బురేటరు సూదిని బిగించి పెట్రోలు తగ్గించినచో మోటారు హుషారుగా మ్రోగును, మనము మురిసిపోదుము! కాని నూనెయు తగ్గి, పిస్టను వేడెక్కి పట్టివేయును. తీరము దూరమైనచో ఇక తెడ్డే గతి. పెట్రోలు హెచ్చినచో ప్లగ్గు మసిబారును. అది తుడిచిన పోవును.

కొంతదూరము నడచి ఆగిన మోటారును విప్పుటకు ముందు, ట్యాంకు మూతపై గాలి చొరు మరను వదులు చేసితిమా యని చూడవలెను. అది బిగిసియున్నచో పెట్రోలు దిగదు.