జానెడు దూరంలో జబ్బు

2020 మార్చి 15న న్యూయార్క్ టైమ్స్ పత్రిక ఒక చార్టు వేసింది. ఏ పనిలో ఉన్నవాళ్ళు ఇతరులకు ఎంత దగ్గరగా మసలుతారు, జబ్బులకు ఎంత తరచుగా ఎదురవుతారు అనే రెండు కొలతలతో వందల వృత్తులను చుక్కలుగా గుర్తించింది. అన్నిటికంటే ప్రమాదం ఎక్కువున్న మూలన పళ్ళ డాక్టర్లు, పళ్ళు శుభ్రం చేసే హైజీనిస్టులు తేలారు. మామూలు పాఠకులకు అది వింతగా తోచి ఉండొచ్చు. ఆ వృత్తిలో ఉన్నవాళ్ళకు మాత్రం అందులో కొత్త సంగతేమీ లేదు. గుండె డాక్టరు స్టెతస్కోపు పొడవంత దూరంలో ఉంటాడు. కంటి డాక్టరుకూ మనకూ మధ్య ఒక యంత్రం ఉంటుంది. పళ్ళ డాక్టరు ముఖానికీ రోగి తెరిచిన నోటికీ మధ్య ఉండేది జానెడు ఖాళీ. రోగి మాస్కు వేసుకోవడానికి వీల్లేదు, నోరు మూయడానికీ వీల్లేదు. గొంతులో మిషన్ నీళ్ళు పడితే దగ్గు ఆగదు.

ఆ జానెడు దూరంలోకి మహమ్మారి వచ్చిన ప్రతిసారీ ఈ వృత్తి పనిముట్లు మారాయి, దుస్తులు మారాయి, కొన్నిసార్లు చట్టాలూ మారాయి. వైద్యుడి ఒంటికి ఒక్కో పొర రక్షణ పెరుగుతూ వచ్చింది. లోపలి మనిషి ఎలా ఉన్నాడని అడగడం మాత్రం చాలా ఆలస్యంగా మొదలైంది.

వందేళ్ళ కిందట పళ్ళ డాక్టర్లు ఉత్త చేతులతోనే పనిచేసేవారు. కాలితో తొక్కే డ్రిల్లుకు అమెరికాలో 1871లోనే పేటెంటు వచ్చింది. కరెంటు డ్రిల్లు వచ్చాక కూడా వేగం తక్కువే. డాక్టరు నిలబడి, నడుము వంచి, గంటలకొద్దీ పన్ను తొలిచేవాడు. 1918 ఇన్‌ఫ్లుయెంజా మన దేశంలోనే కోటికి పైగా ప్రాణాలు తీసుకుపోయింది. ఆ కాలంలోనే ఢాకా ప్రాంతపు యువకుడు రఫీయుద్దీన్ అహ్మద్ అమెరికాలో పళ్ళ వైద్యం నేర్చుకున్నాడు. 1915లో అయోవా విశ్వవిద్యాలయం నుంచి పట్టా తీసుకుని, బోస్టన్‌లో పిల్లల పళ్ళ ఆసుపత్రి ఫోర్సిత్‌లో పనిచేసి, 1919లో తిరిగి వచ్చాడు. మరుసటి ఏడాది కలకత్తాలో మన దేశపు మొదటి డెంటల్ కాలేజీ పెట్టాడు. దాన్ని నడపడానికి న్యూయార్క్ సోడా ఫౌంటెన్ అనే దుకాణం ఆదాయం కూడా వాడాడు. ఆయన పుట్టిన డిసెంబరు 24ను మన డెంటిస్టులు ఇప్పటికీ తమ దినంగా జరుపుకుంటున్నారు. లెక్కలేనన్ని చావులు చూసిన దేశంలో పంటినొప్పికి చదువుకున్న వైద్యుడు ఉండాలని పట్టుబట్టి, సొంత డబ్బు పోసిన మనిషి ఆయన. మన దేశంలో ఈ చదువు మొదలైంది అలాంటి రోజుల్లోనే.

ఆ తర్వాత వచ్చిన పెద్ద మలుపు 1957లో. అమెరికన్ డెంటిస్టు జాన్ బోర్డెన్ గాలితో తిరిగే టర్బైన్ డ్రిల్లును మార్కెట్లోకి తెచ్చాడు. దాని పేరు ఎయిరోటర్. మన క్లినిక్కుల్లో ఇవాళ్టికీ ఏ కంపెనీ డ్రిల్లునైనా ఆ పేరుతోనే పిలుస్తారు. నిమిషానికి 3 లక్షల చుట్లు. రోగికి నొప్పి, అదురు తగ్గాయి. గంట పని నిమిషాల్లోకి దిగింది. ఇక డాక్టరు కూర్చుని పనిచేయొచ్చు, పక్కన అసిస్టెంటు నోట్లో నీళ్ళు పీల్చే సక్షన్ గొట్టం పట్టుకుంటుంది. నడుములు అరిగిపోయిన ఒక తరానికి అది నిజంగా పెద్ద ఊరట.

అయితే అంత వేగంలో పన్ను వేడెక్కకుండా నీళ్ళు చిమ్మాలి. ఆ నీళ్ళు ఉమ్మితో, నెత్తురుతో, పంటి పొడితో కలిసి సన్నని తుంపరగా లేచి డాక్టరు కనుబొమల మీద, కళ్ళద్దాల మీద, గదిలోని బల్లల మీద వాలుతాయి. 1969లో మిసిక్, మిల్లర్ అనే పరిశోధకులు, వారి సహచరులు ఆ తుంపరలో ఎన్ని సూక్ష్మక్రిములు ఉంటాయో కొలిచి చూపారు. ఏ పనికి ఎంత క్రిమిభారం లేస్తుందో అప్పుడే అచ్చయింది. అది పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది గానీ గదుల కట్టడంలోకి రాలేదు. గాలి మారే ఏర్పాటు, మంచి ఎగ్జాస్టు, బలమైన సక్షన్ ఖర్చుతో కూడిన పనులు. అర్ధశతాబ్దం పాటు వాటిని వాయిదా వేసుకుంటూ వచ్చారు.

మొదట దెబ్బ కొట్టింది గాలి కాదు, నెత్తురు. 1972లో అమెరికన్ డెంటిస్టుల్లో 14 శాతం మందికి హెపటైటిస్ బి సోకిన ఆనవాళ్ళు నెత్తురులో ఉన్నాయి. సూది గుచ్చుకోవడం, వేలు కోసుకోవడం ఈ పనిలో నిత్యం జరిగేవే. 1982లో టీకా వచ్చింది. ఆ అంకె 1992 నాటికి 9 శాతం దగ్గరకు తగ్గింది. చాపకింద నీరులా పాకిన ఆ జబ్బు ఎందరి కాలేయాలనో తినేసింది, అయినా వృత్తి అలవాట్లను పెద్దగా కదిలించలేదు. గ్లవ్స్ వేసుకుంటే పంటి స్పర్శ వేళ్ళకు తెలియదని పెద్ద డాక్టర్లు వాదించేవారు.

ఎయిడ్స్‌తో ఆ వాదన ముగిసింది. 1986లో అమెరికా అంటువ్యాధుల సంస్థ సీడీసీ డెంటిస్టుల కోసం ప్రత్యేకంగా సూచనలు ఇచ్చింది. ఏ రోగికి ఏ జబ్బుందో చూసి తెలుసుకోలేం కాబట్టి అందరికీ ఒకే జాగ్రత్త అన్నది దాని సారం. 1988లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన ఒక అధ్యయనం 1,309 మంది దంతవైద్య సిబ్బందికి నెత్తురు పరీక్ష చేసింది. వాళ్ళలో 90 శాతానికి పైగా పనిలో సూదో పరికరమో గుచ్చుకున్నవాళ్ళే. అయినా హెచ్‌ఐవీ ఉన్నట్టు తేలింది ఒక్కరికి. భయపడినంత ప్రమాదం లేదని చెప్పడానికి అంతకంటే మంచి సాక్ష్యం అక్కర్లేదు. కానీ రెండేళ్ళలో ఫ్లోరిడా నుంచి వచ్చిన వార్త ఆ సాక్ష్యాన్ని జనం మనసుల్లోంచి తుడిచేసింది.

డేవిడ్ ఏసర్ ఫ్లోరిడాలో క్లినిక్ నడిపే డెంటిస్టు. ఆయనకు ఎయిడ్స్ ఉంది. ఆయన దగ్గర 1987 డిసెంబరులో రెండు దవడ పళ్ళు తీయించుకున్న కింబర్లీ బెర్గాలిస్ అనే విద్యార్థినికి, ఏ ఇతర కారణమూ కనబడకుండా, అదే జబ్బు వచ్చింది. సీడీసీ 1990 జులై 27న ఆ సంగతి ప్రచురించింది. ఏసర్ తన రోగులకు పత్రికల్లో బహిరంగ లేఖ రాసి, పరీక్ష చేయించుకోమని కోరాడు. సెప్టెంబరు 3న చనిపోయాడు. మొత్తం ఆరుగురు రోగులకు ఆ క్లినిక్కులోనే సోకిందని జన్యు పరీక్షలు చెప్పాయి. ఎలా సోకిందో ఇప్పటికీ తేలలేదు. బెర్గాలిస్ 1991 సెప్టెంబరులో చక్రాల కుర్చీలో వచ్చి అమెరికన్ కాంగ్రెస్ ముందు మాట్లాడింది, డిసెంబరులో 23 ఏళ్ళకే కన్నుమూసింది.

ఆ రెండేళ్ళలో డెంటిస్టుల మీద పడిన బరువును తక్కువ చేసి చూడకూడదు. అప్పటిదాకా రోగి నుంచి తమకు జబ్బొస్తుందని భయపడ్డవాళ్ళను ఇప్పుడు రోగులు అనుమానంగా చూడసాగారు. జబ్బున్న వైద్యుడు చెప్పకుండా చికిత్స చేస్తే కనీసం పదేళ్ళ జైలు అనే సవరణను 1991 జులైలో సెనేటు 81-18 తేడాతో ఆమోదించింది. అది చివరికి చట్టం కాలేదు. రక్తం ద్వారా వచ్చే జబ్బుల నుంచి సిబ్బందిని కాపాడే నిబంధనలు మాత్రం ఆ ఏడాది డిసెంబరులోనే వచ్చాయి. డ్రిల్లు బిగించే హ్యాండ్‌పీసును తుడిచి మళ్ళీ వాడే అలవాటు పోయి, ప్రతి రోగికీ దాన్ని ఆవిరితో క్రిములను చంపే ఆటోక్లేవ్‌లో పెట్టడం మొదలైంది. ఇవాళ మన ఊళ్ళో డాక్టరు కవరు చింపి పరికరాలు ట్రేలో పెడుతున్నాడంటే, దాని వెనక ఆ కాలపు భయం ఉంది.

భయం మరో దిక్కుకూ తిరిగింది. 1994లో మెయిన్ రాష్ట్రంలోని బాంగోర్‌లో ఒక డెంటిస్టు, హెచ్‌ఐవీ ఉన్న సిడ్నీ అబాట్ అనే మహిళకు తన క్లినిక్కులో పిప్పిపన్ను పూడ్చనన్నాడు. ఆసుపత్రిలో చేస్తానని, ఆ ఖర్చు ఆమే పెట్టుకోవాలని చెప్పాడు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళి, 1998లో హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళకూ వికలాంగుల హక్కుల చట్టం వర్తిస్తుందని తీర్పు వచ్చింది. మన దేశంలో తొలి హెచ్‌ఐవీ కేసులు 1986లో మద్రాసులో బయటపడ్డాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఆ జబ్బు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఒకటి. ఇక్కడ వైద్యం నిరాకరించడాన్ని నిషేధించే చట్టం 2017లో గానీ రాలేదు. అన్నేళ్ళు పంటినొప్పితో గుమ్మం దగ్గరనుంచే వెనక్కి మళ్ళినవాళ్ళకు ఎవరు జవాబు చెప్తారు?

2020లో గాలి వంతు వచ్చింది. వూహాన్ విశ్వవిద్యాలయపు దంతవైద్య ఆసుపత్రి జనవరి 24 తర్వాత అత్యవసర చికిత్సలే చేసింది. 169 మంది సిబ్బంది 700 మందికి పైగా రోగులను చూశారని అక్కడి డాక్టర్లే రాశారు. మార్చి 25న ఇంగ్లండ్‌లో మామూలు దంతవైద్యం మొత్తం ఆపేశారు. ఫోన్లో సలహా, నొప్పి మాత్ర, యాంటీబయాటిక్, అంతే. నొప్పి ఓర్చుకోలేక పళ్ళు తామే పీక్కున్నవాళ్ళ కథలు పత్రికల్లో వచ్చాయి. జూన్ 8న తలుపులు తెరిచినా, తుంపర లేచే పని చేశాక గది గంటసేపు ఖాళీగా ఉంచాలన్నారు. అమెరికాలో మార్చి చివరి వారానికి 76 శాతం క్లినిక్కులు అత్యవసరాలకు పరిమితమయ్యాయి, 19 శాతం పూర్తిగా మూతపడ్డాయి.

మన ప్రభుత్వ ఆరోగ్య శాఖ మార్గదర్శకాలు మే 19న వచ్చాయి. కంటెయిన్‌మెంట్ జోన్‌లో క్లినిక్ మూసెయ్యాలి, రెడ్ జోన్‌లో అత్యవసరమైతేనే, మిగతా చోట్ల కూడా మామూలు పనులు వాయిదా. గాలి గురించి చెప్పిన భాగం తెలుగు నేల మీద పనిచేసేవాళ్ళకు పరీక్షే. చికిత్స జరుగుతుండగా సీలింగ్ ఫ్యాన్ వెయ్యకూడదు. డాక్టరు వెనక టేబుల్ ఫ్యాన్ పెట్టి గాలి రోగి వైపు పోయేలా చూడాలి, ఎదుట ఎగ్జాస్టు ఉండాలి. రోహిణి కార్తె ముంచుకొస్తున్న రోజులు. పీపీఈ కిట్టు, ఎన్-95, దాని మీద సర్జికల్ మాస్కు, ఆపైన ఫేస్ షీల్డు, రెండు జతల గ్లవ్స్. చెమట గ్లవ్స్‌లోకి కారి వేళ్ళు నానిపోయేవి. షీల్డు మీద ఆవిరి పట్టి వెనక దవడ పన్ను కనిపించేది కాదు. రోగికి మాట వినిపించక గట్టిగా అరవాల్సి వచ్చేది. రూట్ కెనాల్ మొదలుపెట్టాక మధ్యలో లేచి నీళ్ళు తాగే వీలుండదు.

బాధ అక్కడితో ఆగలేదు. మన దేశంలో డెంటిస్టులు ఎక్కువమంది ప్రైవేటుగానే బతుకుతారు. కింద మెడికల్ షాపు, పైన ఒకటో రెండో కుర్చీలతో క్లినిక్. వాళ్ళు వైద్యులూ, చిన్న వ్యాపారులూ కూడా. అద్దె ఆగదు, కుర్చీ మీద తీసుకున్న అప్పు వాయిదా ఆగదు, అసిస్టెంటు ఇంట్లో పొయ్యి వెలగాలి. వైద్యుల కోసం చప్పట్లు కొట్టిన జనం మనసులో ఉన్నది కోవిడ్ వార్డు డాక్టర్లు. చాలా రాష్ట్రాల్లో డెంటిస్టులు ముక్కులోంచి, గొంతులోంచి స్వాబ్ తీసే పనికి వెళ్ళారు, స్క్రీనింగ్ కేంద్రాల్లో నిలబడ్డారు. ఇంటికెళ్ళి ముసలి తల్లిదండ్రులకు దూరంగా, వేరే గదిలో పడుకున్నారు.

అసలు ఎందరికి సోకింది? 2020 జూన్‌లో అమెరికాలో సుమారు 2,200 మంది డెంటిస్టులను అడిగితే, సోకినట్టు నిర్ధారణ అయినవాళ్ళూ, సోకి ఉండొచ్చనుకున్నవాళ్ళూ కలిపి 0.9 శాతమే. న్యూయార్క్ టైమ్స్ చార్టు చూపిన ప్రమాదం నిజమే, దాన్ని ఆపిన క్రమశిక్షణా నిజమే. ఎయిడ్స్ కాలంలో నేర్చుకున్న అలవాట్లు ఇక్కడ అక్కరకొచ్చాయి. 1864లో శాన్‌ఫర్డ్ బార్నమ్ కనిపెట్టిన రబ్బర్ డ్యామ్, పంటి చుట్టూ కప్పే ఆ పల్చని రబ్బరు తెర, బద్ధకంతో మూలన పెట్టిన క్లినిక్కుల్లో కూడా మళ్ళీ బయటికొచ్చింది.

ఒళ్ళు దక్కింది. మనసు సంగతి వేరు. అమెరికన్ డెంటల్ అసోసియేషన్ 2003లో అడిగినప్పుడు ఆందోళన రుగ్మత ఉన్నట్టు నిర్ధారణ అయిందని చెప్పినవాళ్ళు 5 శాతం. 2021లో అదే ప్రశ్నకు 16 శాతం మంది అవునన్నారు. పెరుగుదలంతా మహమ్మారి ఖాతాలో వెయ్యలేం. ఆ మధ్యకాలంలో చదువుల అప్పులు పెరిగాయి, మానసిక బాధను బయటికి చెప్పుకునే ధైర్యమూ కొంత పెరిగింది. అయినా 0.9నూ 16నూ పక్కపక్కన పెట్టి చూడకపోతే ఈ చరిత్ర అర్థం కాదు. నిబంధనలు రాసినవాళ్ళు క్రిమిని లెక్కపెట్టారు, గంటకు గాలి ఎన్నిసార్లు మారాలో లెక్కపెట్టారు. ఒంటరిగా క్లినిక్ నడిపే మనిషి ఆదాయం, నిద్ర, భయం ఆ కాగితాల మీదికి రాలేదు. రావాల్సింది. అదే ఏడాది అదే సంస్థ అడిగితే, రోగుల్లో పళ్ళు కొరుక్కోవడం పెరిగిందని 70 శాతానికి పైగా డెంటిస్టులు చెప్పారు. పగిలిన పళ్ళతో వచ్చిన రోగి దిగులు ఎలాంటిదో అతుకు పెట్టే డాక్టరుకు విడమరిచి చెప్పనక్కర్లేదు.

2021 మేలో మన దగ్గర ఇంకో గండం వచ్చింది. కోవిడ్ నుంచి బయటపడ్డ షుగరు రోగులు పై పళ్ళు కదులుతున్నాయని, చెంప మొద్దుబారిందని డెంటిస్టుల దగ్గరికి రాసాగారు. మ్యూకర్‌మైకోసిస్, జనం నోట బ్లాక్ ఫంగస్. తెలంగాణ దాన్ని తప్పనిసరిగా తెలపాల్సిన జబ్బుగా ప్రకటించింది, హైదరాబాద్‌లో కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రిని ప్రధాన కేంద్రం చేసింది. ఆంధ్రప్రదేశ్ చికిత్సను ఆరోగ్యశ్రీలో చేర్చింది. జులైకి దేశంలో కేసులు 40 వేలు దాటాయి. కదిలే పన్నును చూసి మామూలు చిగుళ్ళ జబ్బు కాదని పసిగట్టి, ఆలస్యం లేకుండా స్కానింగుకు పంపినవాళ్ళలో ఊరి డెంటిస్టులు కూడా ఉన్నారు.

శస్త్రచికిత్సలో పై దవడ తీసేస్తే అంగిట్లో రంధ్రం మిగులుతుంది. నీళ్ళు తాగితే ముక్కులోంచి వస్తాయి, మాట ముక్కుతో పలికినట్టు ఉండి పక్కవాళ్ళకు కూడా అర్థం కాదు. దానికి కట్టుడు పళ్ళ నిపుణుడైన ప్రాస్థోడాంటిస్టు ఆబ్చురేటర్ అనే అక్రిలిక్ పలక చేస్తాడు. పచ్చిపుండు మానని అంగిలి నుంచి, రోగికి నొప్పి కలగకుండా, అచ్చు కోసం పెట్టే ముద్ద లోపలికి జారిపోకుండా అచ్చు తీయాలి. గాయం మానేకొద్దీ అంగిలి రూపు మారుతుంది, కాబట్టి పలకను మళ్ళీ మళ్ళీ అరగదీయాలి, సరిచేయాలి, చివరికి కొత్తది చేయాలి. మహమ్మారి సద్దుమణిగిందని మిగతా లోకం మాస్కులు తీసేశాక కూడా ఆ రోగులు వస్తూనే ఉన్నారు. ఒక్కొక్కరికి నెలల తరబడి పని.