అధిక క్షేత్ర మెదడు ఎంఆర్ఐ

మెదడును 7 టెస్లాలు, అంతకు మించిన అయస్కాంత క్షేత్రంలో చిత్రించే పద్ధతి. ఆసుపత్రుల్లో సాధారణంగా ఉండేవి 1.5, 3 టెస్లా యంత్రాలు. క్షేత్రం పెరిగితే సంకేతం బలపడుతుంది, చిక్కులూ పెరుగుతాయి. 7 టెస్లాల వద్ద వాడే రేడియో తరంగాల పౌనఃపున్యం దాదాపు 300 మెగాహెర్ట్జ్; మెదడు కణజాలంలో వాటి తరంగదైర్ఘ్యం సుమారు 13 సెంటీమీటర్లే. అది తల కంటే చిన్నది కాబట్టి తరంగాలు ఒకచోట కలిసి బలపడి, మరోచోట రద్దవుతాయి. బొమ్మ నడుమ తెల్లబారి, కణతల దగ్గర నల్లబడుతుంది. ఆ తరంగాలను పంపే అనేక కాయిల్స్‌కు వేర్వేరు దశల్లో సంకేతాలు పంపి ఇంజినీర్లు దీన్ని సరిదిద్దుతారు. కణజాలం ఎక్కడా వేడెక్కకుండా రేడియో తరంగాల శక్తికి హద్దు పెట్టడమూ వారి పనే.

2012లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలోని రవీందర్ రెడ్డి బృందం 7 టెస్లాల వద్ద మెదడులోని రసాయనమైన గ్లుటమేట్‌ను చిత్రించే గ్లూసెస్ట్ పద్ధతిని ప్రకటించింది. ఆకారంతో ఆగిపోకుండా రసాయనాన్నీ చూపడం ఇందులోని గొప్పదనం. 2024లో ఫ్రాన్స్‌లోని 11.7 టెస్లా యంత్రం తొలి మానవ మెదడు చిత్రాలనిచ్చింది. దాని అయస్కాంతం బరువు 132 టన్నులు.