వెట్టిచాకిరి నిర్మూలన విజిలెన్స్ కమిటీలు (శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతం)

వెట్టిచాకిరి పద్ధతి నిర్మూలన చట్టం, 1976లోని 13వ సెక్షన్ కింద జిల్లాలోనూ, జిల్లాలోని ప్రతి సబ్ డివిజన్‌లోనూ ప్రభుత్వం వేసే సంఘాలను విజిలెన్స్ కమిటీలంటారు. అప్పు పేరున ఒకరి కొట్టంలోనో, పొలంలోనో, బట్టీలోనో కట్టుబడిపోయిన మనిషిని గుర్తించడం, విడిపించడం, అతను మళ్లీ అదే గుమ్మం ముందు నిలబడే అవసరం రాకుండా చూడటం వీటి పని. 2022 ఏప్రిల్ 4 పునర్విభజనతో ఈ ప్రాంతం శ్రీకాకుళం, విజయనగరం, పార్వతీపురం మన్యం అనే మూడు జిల్లాలైంది. వీటిలో శ్రీకాకుళం, టెక్కలి, పలాస, విజయనగరం, బొబ్బిలి, చీపురుపల్లి, పార్వతీపురం, పాలకొండ అని ఎనిమిది రెవెన్యూ డివిజన్లున్నాయి. చట్టం లెక్కన ఇక్కడ కనీసం మూడు జిల్లా కమిటీలు, ఎనిమిది డివిజన్ కమిటీలు ఉండాలి.

నేపథ్యం

బ్రిటిష్ వలసల్లో బానిసత్వాన్ని రద్దు చేసిన 1833 చట్టం ఈస్టిండియా కంపెనీ ఏలుబడిలోని నేలకు వర్తించలేదు. ఇక్కడికి 1843లో ఐదో చట్టం వచ్చింది. అది చేసిందల్లా బానిస మీద యజమాని హక్కును కోర్టులు గుర్తించకుండా ఆపడం. అప్పు పత్రం జోలికి అది పోలేదు. దాంతో మనిషిని పట్టి ఉంచే పని అప్పు పత్రానికి మిగిలింది.

ఈ ప్రాంతంలో చాకిరి చోటుకో రూపంలో ఉండేది. మైదానంలో ఏడాదికింత అని కుదిరే కంబారి, పాలేరు. కొండల్లో ఊళ్ల మీద పెత్తనమున్న ముఠాదారుకూ, వచ్చిపోయే అధికారికీ మోత మోసే వెట్టి. జయపురం సంస్థానం వైపు గోతి. ఈ గోతి గురించి 1907 నాటి విశాఖపట్నం జిల్లా గెజిటీర్‌లో డబ్ల్యూ.ఫ్రాన్సిస్ రాశాడు. పెళ్లికి ఓలి డబ్బు కోసమో, మరో ఖర్చుకో తీసుకున్న చిన్న మొత్తానికి మనిషి తన ఒంటినే తాకట్టు పెట్టుకోవడం ఆ పద్ధతి. పని వడ్డీకి చెల్లు, అసలు అలాగే ఉంటుంది. మద్రాసు ప్రభుత్వం 1940లో ఏజెన్సీ ప్రాంతాలకు రుణదాస్యంపై ప్రత్యేక రెగ్యులేషన్ తెచ్చింది. కొండ మీద దాన్ని అమలుచేసే యంత్రాంగం మాత్రం పలచన. సాహుకారు చేతిలోని అప్పుల పుస్తకమే అక్కడ చెల్లుబాటైంది.

శ్రీకాకుళం గిరిజనోద్యమం మొదట కదిలింది ఈ బాధల మీదే. వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం నడిపిన గిరిజన సంఘం వెట్టి మానాలని, పాలేర్ల కూలి పెంచాలని, తాకట్టులో పోయిన భూములు తిరిగి ఇవ్వాలని అడిగింది. 1967 అక్టోబర్ 31న లేవిడి దగ్గర సంఘ సభకు వెళుతున్న కోరన్న, మంగన్నలను భూస్వాముల మనుషులు కాల్చి చంపాక ఉద్యమం సాయుధ పోరాటం వైపు మళ్లింది. ఆ తరవాతి నిర్బంధం గురించి చాలా పుస్తకాలొచ్చాయి. కూలి, అప్పు, వెట్టి అనే తొలి డిమాండ్ల గురించి చెప్పేవాళ్లు తక్కువ.

కేంద్రం వెట్టి రద్దును ముందు ఆర్డినెన్సుగా తెచ్చింది. అది 1975 అక్టోబర్ 25న అమల్లోకి వచ్చింది. 1976 ఫిబ్రవరి 9న రాష్ట్రపతి ఆమోదంతో 19వ నంబరు చట్టమై, పాత తేదీ నుంచే వర్తించింది. పౌరహక్కులు సస్పెండై, పత్రికల మీద సెన్సారు నడుస్తున్న ఎమర్జెన్సీ రోజుల్లో, ఇరవై సూత్రాల కార్యక్రమంలో భాగంగా ఈ విముక్తి వచ్చింది. రాజ్యాంగం 23వ అధికరణం బలవంతపు చాకిరిని నిషేధించి అప్పటికే పాతికేళ్లు. నిర్వచనంలో చట్టం దేశంలోని ముప్పై దాకా పద్ధతుల పేర్లు ఏకరువు పెట్టింది. వాటిలో పాలేరు, వెట్టి, జీత, భగేలా ఉన్నాయి. కంబారి పేరు లేదు, కానీ అప్పు, దానికి బదులు సేవ అనే లక్షణాలుంటే పేరుతో పని లేదు.

కమిటీలో ఎవరుంటారు

జిల్లా కమిటీకి కలెక్టర్ గానీ ఆయన నియమించిన వారు గానీ అధ్యక్షులు. జిల్లాలో నివసించే ఎస్సీ, ఎస్టీ సభ్యులు ముగ్గురిని, సామాజిక కార్యకర్తలు ఇద్దరిని, బ్యాంకులు, రుణసంస్థల ప్రతినిధి ఒకరిని కలెక్టర్ నామినేట్ చేస్తారు. గ్రామీణాభివృద్ధితో సంబంధమున్న ప్రభుత్వ, ప్రభుత్వేతర సంస్థల నుంచి ముగ్గురికి మించకుండా రాష్ట్ర ప్రభుత్వం వేస్తుంది. డివిజన్ కమిటీకి ఆర్డీవో లేదా సబ్ కలెక్టర్ అధ్యక్షులు. సభ్యుల కూర్పు అదే, అదనంగా 10వ సెక్షన్ కింద అధికారాలు పొందిన అధికారి ఒకరు. 1976 నాటి కేంద్ర నియమాల ప్రకారం నామినేటెడ్ సభ్యుల గడువు రెండేళ్లు.

సమావేశాలు ఎన్నాళ్లకోసారి జరగాలో చట్టం చెప్పదు. కమిటీ తన కార్యవిధానాన్ని తానే నిర్ణయించుకుంటుంది. గుమస్తా సాయం కలెక్టరో ఆర్డీవోనో ఇవ్వాలి. ఏర్పాటులో లోపముందన్న సాకుతో కమిటీ చర్యలు చెల్లకుండా పోవు. ఈ స్వేచ్ఛ ఇవ్వడంలో చట్టం రాసినవాళ్ల ఉద్దేశం మంచిదే: ఫారాలు, నోటీసులు అడ్డం పడకుండా కమిటీ ఊళ్లోకి వెళ్లగలగాలి. ఆచరణలో మాత్రం అంతా ఆర్డీవో మీటింగు పెడతారా లేదా అన్నదాని మీదికి వచ్చి ఆగింది. ధాన్యం కొనుగోళ్లు, తుపాను సాయం, భూసేకరణ, ఎన్నికలు ఆయన బల్ల మీదే ఉంటాయి.

విధులు

14వ సెక్షన్ ఆరు పనులు అప్పజెప్పింది. చట్టం అమలు మీద కలెక్టర్‌కు సలహా ఇవ్వడం, విడుదలైనవారి బతుకుతెరువు చూడటం, గ్రామీణ బ్యాంకులు, సహకార సంఘాల నుంచి వాళ్లకు అప్పు పుట్టేలా సమన్వయం చేయడం, కేసుల సంఖ్య గమనించడం, నేరాలు జరుగుతున్నాయేమో సర్వే చేయడం అందులో ఐదు. ఆరోది ఎక్కువ మందికి తెలియదు. విడుదలైన కూలీ మీద పాత అప్పు కోసం ఎవరైనా దావా వేస్తే, దాన్ని కమిటీ ఎదుర్కోవాలి. తన సభ్యుల్లో ఒకరికి అధికారమిస్తే, ఆ దావా వరకు ఆ సభ్యుడే కూలీ తరఫు ఏజెంటు. కోర్టు మెట్లెక్కని మనిషి బదులు ఒక కమిటీ మెంబరు నిలబడతాడన్నమాట. దీనికి తోడు 15వ సెక్షన్ ఉంది: కూలీ గానీ కమిటీ గానీ ‘ఇది వెట్టి అప్పు’ అన్నాక, కాదని రుజువు చేసుకోవలసింది అప్పిచ్చినవాడే. వేలిముద్ర వేసిన ప్రోనోటు ఏళ్ల తరబడి కూలీ మెడకు చుట్టుకున్న చోట ఇది చిన్న మార్పు కాదు.

అప్పులివ్వడంలో కమిటీ పాత్రను చట్టం ఊరికే చేర్చలేదు. సాహుకారు దగ్గర తప్ప మరో చోట అప్పు పుట్టకపోతే మనిషి మళ్లీ ఆ ఇంటికే వెళతాడు. కొండ ప్రాంతంలో 1956లో మొదలైన గిరిజన కోఆపరేటివ్ కార్పొరేషన్, తరవాత వచ్చిన సీతంపేట, పార్వతీపురం ఐటీడీఏలు (సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థలు) ఈ ఖాళీని కొంత నింపాయి.

విచారణ, విముక్తి పత్రం, రిజిస్టర్లు

ఫిర్యాదు కూలీయే ఇవ్వాలని లేదు. బంధువు, పత్రిక, సంఘం, ఎవరి ద్వారానైనా సమాచారం రావచ్చు. కలెక్టర్, ఆయన అధికారమిచ్చిన అధికారి విచారించడం 12వ సెక్షన్ కింద వాళ్ల బాధ్యత. ఎంత తీసుకున్నాడు, ఎప్పుడు, కూలి ఎంత, కనీస వేతనమెంత, ఇంకో చోటికి పనికి వెళ్లగలడా, సొంత పంటనో సరుకునో తనకు నచ్చిన ధరకు అమ్ముకోగలడా అని అడుగుతారు. ఈ ప్రశ్నలన్నీ నిర్వచనం నుంచి వచ్చినవే. కనీస వేతనం కంటే తక్కువకు చేయించుకోవడం కూడా బలవంతపు చాకిరేనని 1982లో ఆసియాడ్ (ఆసియా క్రీడల) నిర్మాణ కూలీల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పని బలవంతంగా జరుగుతున్నట్టు తేలితే దాని వెనక అడ్వాన్సో మరో ఆర్థిక ప్రయోజనమో ఉందని అనుకోవాలనీ, కాదనేవాళ్లే రుజువు చేయాలనీ బంధువా ముక్తి మోర్చా కేసులో 1983లో స్పష్టం చేసింది.

వెట్టి అని తేలితే విముక్తి పత్రం ఇస్తారు. పునరావాస పథకాల తలుపులు తెరిచేది ఈ కాగితమే. అప్పు రద్దు కావడానికి మాత్రం దీనికోసం ఆగనక్కర్లేదు: 1975 అక్టోబర్ 25నే ఆ అప్పులన్నీ చట్టరీత్యా చచ్చిపోయాయి. తాకట్టు వస్తువులు, భూమి తిరిగి ఇవ్వాలి. ముప్పై రోజుల్లో ఇవ్వకపోతే ఫిర్యాదు చేయవచ్చు. యజమాని స్థలంలో ఉన్న గుడిసె నుంచి ఖాళీ చేయించకూడదు.

జిల్లా కమిటీ రిజిస్టర్లు నిర్వహించాలి. ఒకదానిలో విడుదలైనవారి పేర్లు, చిరునామాలు. ఇంకోదానిలో వాళ్ల వృత్తి, ఆదాయం. మరోదానిలో అందిన భూమి, సాగు సామగ్రి, చేతిపనుల్లో శిక్షణ, తక్కువ వడ్డీ రుణాలు, ఉద్యోగం వగైరా. కేసుల వివరాలకు వేరే పుస్తకం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 37,988 మందిని గుర్తించారనీ, 31,534 మందికి పునరావాసం కల్పించారనీ కేంద్ర కార్మిక శాఖ చెప్పిన లెక్క జిల్లాల నివేదికలను కూడగా వచ్చినదే. సాంఘిక సంక్షేమ శాఖ బాధ్యతల్లో ఉండగా ఈ చట్టం అమలుకు పట్టుబట్టిన అధికారిగా ఎస్.ఆర్.శంకరన్ పేరు రాష్ట్రమంతటా గుర్తుంది.

శిక్షలు, రోజుకు ఐదు రూపాయలు

వెట్టి చేయించుకుంటే మూడేళ్ల దాకా జైలు, రెండువేల దాకా జరిమానా. విచారణాధికారం ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్‌కు ఇవ్వవచ్చు. 18వ సెక్షన్ చివర ఒక వాక్యముంది: వసూలైన జరిమానా నుంచి, వెట్టి చేసిన ప్రతి రోజుకూ ఐదు రూపాయల చొప్పున కూలీకి చెల్లించాలి. జరిమానా గరిష్ఠం రెండువేలు కాబట్టి ఆ లెక్క నాలుగువందల రోజుల దగ్గర ఆగిపోతుంది. తండ్రి అప్పుకు కొడుకు పదేళ్లు కంబారీగా ఉన్నా అంతే. 1976లో రాసిన ఈ అంకెలు ఇప్పటికీ అలాగే ఉన్నాయి. ఎస్సీ, ఎస్టీ కూలీల విషయంలో అత్యాచారాల నిరోధక చట్టాన్ని కూడా కలిపి కేసు పెట్టడం అందుకే మేలు.

కాళీపట్నం రామారావు ‘యజ్ఞం’ కథ (1964) ఈ చట్టం కంటే పుష్కర కాలం ముందుది. శ్రీకాకుళం పల్లెలో అప్పల్రాముడు బాకీ తీర్చాలా వద్దా అన్నది తగవు. పెద్దమనుషులు తీర్చాలనే తేలుస్తారు. రేపు తన పసివాడు కంబారి కావడం చూడలేక కొడుకు సీతారాముడు ఆ బిడ్డను తానే నరికేస్తాడు. చట్టం కళ్లతో చూస్తే అక్కడ నిరూపించడానికి వెట్టి ఇంకా మొదలే కాలేదు. అప్పు మాత్రమే ఉంది, చాకిరి రాబోతోంది. 6వ సెక్షన్ రద్దు చేసేది చాకిరితో ముడిపడిన అప్పునే. విజిలెన్స్ కమిటీ అందుకోలేని చోటు ఏదో ఆ కథ చూపినంత బాగా ఏ నివేదికా చూపలేదనే చెప్పాలి.

పునరావాస సాయం

1978లో కేంద్ర ప్రాయోజిత పథకం మొదలైనప్పుడు తలకు 4,000 రూపాయలు. 2000లో అది 20,000 అయింది. 2016 పథకంతో పురుషులకు లక్ష, మహిళలకు, పిల్లలకు రెండు లక్షలు, లైంగిక దోపిడీ, అక్రమ రవాణా వంటి తీవ్రమైన కేసుల్లో, దివ్యాంగులకు, ట్రాన్స్‌జెండర్లకు మూడు లక్షలయ్యాయి. జిల్లాకు పది లక్షల నిధి ఉంచి, విడుదలైన వెంటనే కొంత చేతికివ్వాలి. ఈ తక్షణ సాయం మొదట 20,000, తరువాత 30,000. పెద్ద మొత్తం మాత్రం నేరం రుజువు కావడంతో ముడిపడింది. సాక్షులు వలసపోయే మనుషులు, నిందితుడు ఊళ్లోనే ఉండే మనిషి. కేసు నిలవడం ఎంత కష్టమో వేరే చెప్పనక్కర్లేదు. పథకంలోకెల్లా బలహీనమైన ముడి ఇదే.

స్మరణ దినం

ఫిబ్రవరి 9ని వెట్టిచాకిరి నిర్మూలన దినంగా పాటిస్తారు. కలెక్టరేట్లలో ప్రతిజ్ఞ చేయిస్తారు, కార్మిక శాఖ సదస్సులు పెడుతుంది. అప్పులు రద్దయిన అక్టోబర్ 25ని వదిలి సంతకమైన తేదీని ఎంచుకోవడం దఫ్తరు పద్ధతికి తగ్గట్టే ఉంది. వేరే దేశాల్లో ఇలాంటి స్మరణకు, విచారణకు ప్రత్యేక సంఘాలు వేశారు. బానిసల విముక్తికి గుర్తుగా జూన్ 19ని సెలవు దినం చేసిన అమెరికాలోని టెక్సస్ రాష్ట్రం 1997లో దాని స్మారకాల కోసం కమిషన్ వేసింది. ఈ తీరం నుంచి, అప్పటి గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి కూలీలు ఓడలెక్కి వెళ్లిన మారిషస్‌లో ఫిబ్రవరి 1న బానిసత్వ రద్దు, నవంబర్ 2న ఒప్పంద కూలీల రాక సెలవు దినాలు. అక్కడి ప్రభుత్వం 2008లో చట్టం చేసి వేసిన సత్య న్యాయ కమిషన్ ఆ రెంటినీ కలిపి విచారించి 2011లో నివేదిక ఇచ్చింది. మన కమిటీలకు స్మరణ విధి అప్పజెప్పలేదు.

వలస, పరిధి

ఇప్పుడు కంబారి కుదరడం బాగా తగ్గింది. అడ్వాన్సు మాత్రం ఊరు మార్చుకుంది. మేస్త్రీ పండక్కి ముందు డబ్బిచ్చి, సీజనుకు కుటుంబాలను ఇటుక బట్టీలకు, కట్టడాలకు తీసుకెళతాడు. పశ్చిమ ఒడిశా నుంచి ఆంధ్ర, తెలంగాణ బట్టీలకు వచ్చే దాదన్ కూలీలదీ ఇదే దారి. అడ్వాన్సు తీసుకున్న ప్రతివాడూ వెట్టివాడు కాడు. లెక్క తేలేదాకా వెళ్లనివ్వకపోతే, కూలి కనీస వేతనం చేరకపోతే అయినట్టే. విడుదల, విముక్తి పత్రం మనిషి దొరికిన జిల్లా అధికారి పని. ఆ పత్రం పట్టుకుని అతను పాలకొండకో టెక్కలికో వచ్చాక, బ్యాంకు ఖాతా, ఉపాధి కార్డు, ఇంటి స్థలం, పిల్లల బడి చూడవలసింది సొంత ఊరి కమిటీ. 1997 నవంబర్ నుంచి ఈ అమలును పర్యవేక్షించే బాధ్యత సుప్రీంకోర్టు ఆదేశంతో జాతీయ మానవ హక్కుల కమిషన్‌కు వచ్చింది. రెండు జిల్లాల మధ్య ఫైలు ఆగితే ఫిర్యాదు వెళ్లేది అక్కడికే.