ఏడు హాలీలకు ఆరు కల్దార్లు

నిజాం రాజ్యంలో వంద ఇంగ్లీషు రూపాయలు మారిస్తే చేతికి వచ్చేవి 116 రూపాయల 10 అణాల 8 పైలు. ఇంత చిక్కు లెక్క ఏమిటనిపిస్తుంది కానీ దీని వెనకున్న సూత్రం చాలా చిన్నది: ఆరు కల్దార్లకు ఏడు హాలీలు. బ్రిటిష్ ఇండియా రూపాయిని జనం కల్దార్ అనేవారు. హైదరాబాద్ రూపాయి హాలీ సిక్కా. ఒకే దేశంలో, పక్కపక్క జిల్లాల్లో, ఒకే పేరున్న రెండు నాణేలు రెండు విలువలతో చెలామణీ అయ్యాయి. మద్రాసు ప్రెసిడెన్సీ తెలుగువాళ్లకూ నైజాం తెలుగువాళ్లకూ భాష ఒకటే, రూపాయి మాత్రం వేరు. బెజవాడ నుంచి ఖమ్మం వైపు సరుకు వేసుకుని వెళ్లే వర్తకుడికి ఈ ఆరూ ఏడూ లెక్క నోటికి రావాల్సిందే.

ఈ నిష్పత్తి ఎక్కడిదో తెలియాలంటే రెండు నాణేలనూ తూకం వేసి చూడాలి. బ్రిటిష్ రూపాయి 11.66 గ్రాములు, అందులో వెండి పన్నెండింట పదకొండు వంతులు. అంటే దాదాపు 10.7 గ్రాముల అసలు వెండి. 1903-04 ప్రాంతంలో యంత్రాలతో ముద్రించడం మొదలైన చార్మినార్ రూపాయి 11.18 గ్రాములు, వెండి నూటికి సుమారు 82 వంతులు. అంటే 9.1 గ్రాములకు కాస్త పైన. ఒకదాన్ని ఇంకోదానితో భాగించండి, ఇంచుమించు ఏడింట ఆరు వంతులు వస్తుంది. మారకం రేటు ఆ నాణెం ఒంట్లోనే ఉందన్నమాట. చూడటానికి కూడా ఎంత ముచ్చటైన నాణెమో! ముఖం మీద చార్మినార్, దాని వాకిట్లో ఒకే ఒక్క అక్షరం. నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలం నాణెమైతే ‘మీమ్’, ఉస్మాన్ అలీ ఖాన్ కాలందైతే ‘ఐన్’.

అంతకు ముందు ఇంత నిలకడ లేదు. గద్వాల, నారాయణపేట లాంటి చోట్ల కూడా టంకశాలలు నడిచాయి. ఏ ఊరి రూపాయికి ఎంత వట్టం (మారకపు తరుగు) కట్టాలన్నది షరాబు నోట్లో ఉండేది. మొదటి సాలార్ జంగ్ దివాన్ అయ్యాక ఈ గందరగోళాన్ని సర్ది హాలీ సిక్కాను నిలబెట్టాడు. 1857 తిరుగుబాటు తర్వాత నాణెం మీద ఢిల్లీ పాదుషా పేరు పోయి ఆసఫ్ జా పేరు వచ్చింది. 1893లో బ్రిటిష్ ప్రభుత్వం తన టంకశాలల్లో ఎవరి వెండిని వాళ్లు తెచ్చి రూపాయలు కొట్టించుకునే వీలు తీసేయడంతో కల్దార్ విలువకూ వెండి ధరకూ లంకె తెగింది. వెండి ధర పడుతున్న ఆ రోజుల్లో హాలీ కల్దార్ ముందు ఊగిసలాడింది. చార్మినార్ రూపాయి వచ్చింది ఆ ఊగిసలాట తర్వాతే. సైఫాబాద్‌లో కొత్త టంకశాల తెరిచింది 1903లో.

సామాన్యుడికి ఈ రేటు ఎలా తగిలేదో చూడాలంటే చిల్లరలోకి దిగాలి. రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైలు. అంటే రూపాయిలో 192 పైలు. 192ను ఆరుతో భాగిస్తే తెగుతుంది, ఏడుతో తెగదు. అందుకే కల్దార్ ఒకటి తెచ్చినవాడికి హాలీ లెక్కలో 1 రూపాయి 2 అణాల 8 పైలు, పైసా తేడా లేకుండా. హాలీ ఒకటి పట్టుకెళ్లినవాడికి 13 అణాల 8 పైలు, ఆపైన అరపైకి కొంచెం ఎక్కువ. ఆ తెగని ముక్కకు నాణెం లేదు. ఏడేసి రూపాయలు మూటగట్టి తెచ్చే షావుకారుకు దీంతో పనిలేదు. ఒకటీ రెండూ మార్చుకునే కూలీకే అది నష్టం. హుసేన్‌సాగర్ కట్ట దాటి సికింద్రాబాద్ కంటోన్మెంటులోకి అడుగుపెడితే అక్కడ కల్దార్‌దే రాజ్యం. ఇలాంటి తరుగు జంట నగరాల పేదవాడికి ఇంటి ముంగిట్లోనే ఎదురయ్యేది.

మొదటి ప్రపంచ యుద్ధంలో వెండి ప్రియమై నాణేలకు కటకట వచ్చింది. 1918లో హైదరాబాద్ కాగితపు కరెన్సీ చట్టం తెచ్చి నోట్లు వేయడం మొదలుపెట్టింది. సంస్థానాల్లో ఇది చాలా అరుదు. లండన్‌లో వాటర్‌లో కంపెనీ అచ్చేసిన ఆ నోట్ల మీద ఉర్దూ, ఇంగ్లీషులతో పాటు తెలుగు, మరాఠీ, కన్నడాలకూ చోటు దక్కింది. 1922 మేలో ఈ నోట్ల కట్టలు మోసుకొస్తున్న ‘ఈజిప్ట్’ ఓడ ఫ్రాన్స్ తీరం దగ్గర పొగమంచులో మరో ఓడను గుద్దుకుని మునిగిపోయింది. పదేళ్ల తర్వాత అందులోని బంగారం కోసం దిగిన ఇటలీ వాళ్లకు నిజాం నోట్లు కూడా దొరికాయి. సంతకాలు లేని కాగితాలు కావడంతో అవి జ్ఞాపికలుగా అమ్ముడుపోయాయి.

1940లో బ్రిటిష్ రూపాయిలో వెండి సగానికి పడింది. 1947లో వెండి పూర్తిగా పోయి నికెల్ వచ్చింది. నిష్పత్తికి ప్రాణం పోసిన లోహం పోయినా ఆరూ ఏడూ మాత్రం కదల్లేదు. అప్పటికి అది రాజ్యాధికారానికి గుర్తు. 1947 నవంబర్ 29న నిజాంకూ భారత ప్రభుత్వానికీ మధ్య యథాతథ ఒప్పందం మీద సంతకాలయ్యాయి. ఆ వెంటనే నిజాం ప్రభుత్వం భారత రూపాయి తమ రాజ్యంలో చెల్లదని ఆర్డినెన్స్ తెచ్చింది. ఢిల్లీకి మంట పుట్టించిన పనుల్లో ఇదొకటి, పాకిస్తాన్‌కు ఇచ్చిన 20 కోట్ల అప్పు మరొకటి. నా దృష్టిలో కరెన్సీ ఆర్డినెన్సే పెద్ద దెబ్బ. అప్పు ప్రభుత్వాల మధ్య వ్యవహారం. చెల్లదన్న మాట సరిహద్దు సంతలో బియ్యం అమ్ముకునేవాడి దాకా పోతుంది.

1948 సెప్టెంబర్ పోలీసు చర్య తర్వాత కూడా హాలీ వెంటనే పోలేదు. హాలీ నోట్ల మీద హైదరాబాద్ ఆర్థిక మంత్రుల సంతకాలు చూస్తే ఆ దశాబ్దమంతా కళ్లకు కడుతుంది. ఒక నోటు మీద గులాం మహమ్మద్, తర్వాత ఆయన పాకిస్తాన్ గవర్నర్ జనరల్. చివరి నోట్ల మీద డాక్టర్ జి.ఎస్. మేల్కోటే, నిజాం పాలన మీద పోరాడిన కాంగ్రెస్ నాయకుడు. 1953లో చట్టం చేసి హాలీని ఉపసంహరించడం మొదలుపెట్టారు. జీతాలూ శిస్తులూ ఏడింట ఆరు చొప్పున భారత రూపాయల్లోకి మారాయి.

నైజాం కాలపు లెక్కలు తిరగేసేవాళ్లు ఇప్పటికీ ఇక్కడే తడబడుతున్నారు. పాత పత్రాల్లో అంకె పక్కన ‘ఓ.ఎస్.’ అని ఉంటే ఉస్మానియా సిక్కా, అంటే హాలీ; ‘ఐ.జి.’ అని ఉంటే భారత ప్రభుత్వ రూపాయి. ఆ రెండక్షరాలు వదిలేసి అంకె ఒక్కటే ఎత్తి రాస్తే ఏడో వంతు తప్పు దొర్లుతుంది. పాకిస్తాన్‌కు ఇచ్చిన ఆ 20 కోట్లు భారత ప్రభుత్వ సెక్యూరిటీల రూపంలో ఇచ్చినవి, అంటే కల్దార్ లెక్క. హైదరాబాద్ ఖజానా లెక్కల్లోకి తిప్పితే అవి 23 కోట్ల 33 లక్షలు.