క్వార్టర్ ఖాళీ చేశాక

రిటైర్మెంట్ దగ్గరపడే కొద్దీ కంపెనీ క్వార్టర్లో ఉండే కుటుంబానికి ఒకటే బెంగ: ఇది ఖాళీ చేశాక ఎక్కడికి పోవాలి? మిలిటరీ వాళ్లకైతే ఆ బెంగ రెట్టింపు. రెండు మూడేళ్లకో బదిలీ, పిల్లలకు ప్రతిసారీ కొత్త బడి, సొంతూరితో సన్నగిల్లిన రాకపోకలు. సికింద్రాబాద్‌కు ఈశాన్యాన, కాప్రా చెరువు దరిదాపుల్లో ఉన్న సైనిక్‌పురి, ఏఎస్ రావు నగర్‌ల చరిత్ర ఈ బెంగతోనే మొదలవుతుంది.

సైనిక్‌పురి సంగతి పేరే చెబుతుంది. 1806లో కంటోన్మెంటుగా పుట్టిన ఊరు సికింద్రాబాద్. తిరుమలగిరి, బొల్లారం లైన్లలో పనిచేసి వెళ్లిన వాళ్లకు ఈ గాలీ నీరూ అలవాటే. మిలిటరీ ఆసుపత్రి, క్యాంటీన్ చేరువలోనే ఉన్నాయి. ఇల్లు కట్టుకుంటే ఇక్కడే కట్టుకోవాలని అనిపించడంలో వింతేముంది?

పక్క కాలనీ కథకు మూలం ఒక ఫ్యాక్టరీ, ఒక మనిషి. అయ్యగారి సాంబశివరావు (ఏఎస్ రావు) 1914లో పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టారు. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో, ఆపైన స్టాన్‌ఫర్డ్‌లో చదివి, హోమీ భాభా అణుశక్తి బృందంలో చేరారు. 1956లో ట్రాంబేలో అప్సర రియాక్టర్ మొదలైనప్పుడు దాని నియంత్రణ పరికరాలు ఆయన ఆధ్వర్యంలో భారతీయ ఇంజినీర్లు తయారుచేసినవే. ఆ అనుభవమే పెట్టుబడిగా 1967 ఏప్రిల్ 11న హైదరాబాద్‌లో ఈసీఐఎల్ (ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా లిమిటెడ్) ఏర్పడింది. మౌలాలి గుట్టకు అవతల, రాళ్లూ తుప్పలూ నిండిన నేల మీద కంప్యూటర్లు, టీవీలు తయారయ్యాయి. టీడీసీ-12 కంప్యూటర్ 1969 నాటికే బయటికొచ్చింది. తర్వాత ఓటింగ్ యంత్రాలూ ఇక్కడ తయారయ్యాయి.

వేల మందికి ఉద్యోగాలొచ్చాయి. మరి ఇళ్లు? అందరికీ క్వార్టర్లు చాలవు, ఉన్నవీ శాశ్వతం కావు. ఒంటరిగా స్థలం కొనాలంటే జీతం సరిపోదు. ఆ రోజుల్లో నెల జీతగాళ్లకు దారి చూపింది హౌసింగ్ సొసైటీలే. సభ్యులు వాటా డబ్బు కట్టాలి. అందరి డబ్బుతో ఎకరాల లెక్కన భూమి కొనాలి. లేఅవుట్ గీయించి, రోడ్లకూ పార్కుకూ పోగా మిగిలినదాన్ని ప్లాట్లు వేయాలి. ఎవరికి ఏ నంబరన్నది చాలాచోట్ల చీటీ తీసి తేల్చేవారు. ఆఫీసరైనా టెక్నీషియనైనా చీటీ ముందు ఒకటే. నగరం పెరగడమంటే రియల్ ఎస్టేట్ వెంచర్లేనని నమ్మే ఈ కాలానికి ఈ పద్ధతి తప్పకుండా తెలియాలి.

ఇలా ఈసీఐఎల్ ఉద్యోగులు కట్టుకున్న కాలనీయే ఏఎస్ రావు నగర్. కాలనీకి నాయకుడి పేరు కాకుండా ఒక ఇంజినీరు పేరు పెట్టుకోవడం నాకెంతో ఇష్టమైన విషయం. 2003లో ఆయన కన్నుమూశారు. ఈసీఐఎల్ చౌరస్తా వైపు వెళ్లే బస్సుల్లో ఆ పేరు రోజూ వినిపిస్తూనే ఉంది.

2007లో కాప్రా మున్సిపాలిటీ గ్రేటర్ హైదరాబాద్‌లో కలిసింది. మెయిన్ రోడ్డు పొడవునా నగల దుకాణాలు, హోటళ్లు వచ్చాయి. లోపలి వీధుల్లో ఒక్కో పాత ఇల్లూ పడగొట్టి అపార్ట్‌మెంట్ లేపుతున్నారు. మామిడి, కొబ్బరి చెట్లున్న పెరట్లో ఇప్పుడు కార్ల పార్కింగ్. ఇళ్లు మారడాన్ని ఎవరూ ఆపలేరు. కానీ సొసైటీల తొలి లేఅవుట్ పటాలు, సభ్యుల రిజిస్టర్లు, మీటింగు మినిట్స్ ఏ బీరువాల్లో ఉన్నాయో వెతికి భద్రపరచాలి. తొలి సభ్యుల్లో మిగిలిన వాళ్లు ఇప్పుడు ఎనభైల్లో ఉంటారు. వాళ్ల జ్ఞాపకాలను రికార్డు చేయడం ఈ ఏడాదే మొదలుకావాలి.